సౌగంధికగారి వర్ధంతి

మంత్రిగారు దండ వేశారు, దీపం వెలిగించారు, కళ్ళు ఒత్తుకున్నారు. వెండితెరను ఏలిన ఆ మహానటుడు లేని లోటు తన సొంతింట్లో లోటు లాంటిదని పావుగంట మాట్లాడారు. చప్పట్ల మధ్య కుర్చీలో కూర్చుంటూ పీఏ వైపు వంగి, "ఇంతకీ ఎవరయ్యా ఈయన?" అని అడిగారు. అడగడంలో తప్పేమీ లేదు. తెలియనిది అడిగి తెలుసుకోమనే పెద్దలు చెప్పారు. మైకు కట్టేయకపోవడమొక్కటే తప్పు.

సాయంత్రానికల్లా ఆ మాట రాష్ట్రంలో ప్రతి ఫోనులోనూ మోగింది. ఇంకో మంత్రి అయితే నాలుగు రోజులు ముఖం చాటేసి ఊరుకునేవాడు. ఈయన కార్యశూరుడు. "నాకే తెలియలేదంటే ఇక ప్రజలకేం తెలుస్తుంది? ఇది నా లోపం కాదు, జాతి లోపం" అని తేల్చి, వారం తిరక్కుండా 'విస్మృత తారా పునఃస్మరణ సంస్థ' అనే ఆఫీసొకటి తెరిపించారు. ఆ పేరు ఎవరికీ గుర్తుండేది కాదు. అందుకని ఆటోవాళ్ళు దాన్ని మరుపాఫీసు అనేవారు.

పొట్నూరి ఏకాంబరం ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఏ శాఖలో ఎవరు అక్కర్లేదో వాళ్ళనే కొత్త ఆఫీసులకు పంపడం ఆనవాయితీ కాబట్టి వచ్చాడు. మంచివాడు. ఇచ్చిన పని చేస్తాడు, ఇవ్వకపోతే అడగడు. అతని తరఫున పైకి ఫోను చేసేవాళ్ళు ఎవరూ లేరు, సర్వీసులో అతనికున్న జబ్బల్లా అదే.

సంచాలకులు విశ్వంభరరావుగారు రాగానే ఒక అధ్యయనం చేయించారు. కొందరు తారలు చచ్చినా బతికే ఉంటారు, కొందరు బతికుండగానే చస్తారు, దీనికి కారణమేమిటని. కమిటీ ఊళ్ళు తిరిగింది, టిఫిన్లు తిన్నది, చివరికి నిజం కనిపెట్టింది. జనానికి గుర్తున్న తారలకు సినిమాల్లో కొడుకో మనవడో ఉన్నాడు. లేదంటే దండ అరగంట ఆలస్యమైతే రోడ్డు మీద బైఠాయించే కులసంఘం ఉంది. అదీ లేకపోతే, మున్సిపాలిటీ ఒకసారి తీసేయబోయి తన్నులు తిన్న విగ్రహం ఏ కూడలిలోనో ఉంది. ఈ మూడింటిలో ఏదీ లేనివాళ్ళు ఎంత నటించినా సోదిలోకి కూడా లేకుండా పోయారు. కారణాల పట్టికలో 'బాగా నటించుట' అనేది అట్టడుగున, 'ఇతరములు' కింద వచ్చింది.

"చూశారా ఏకాంబరం! నటన అనునది స్మరణకు ఉపకారకము కావచ్చునే గానీ కారకము మాత్రం కాదు" అన్నారు సంచాలకులు.

ఇంతవరకూ నిజమే. అక్కడితో ఆగి ఉంటే ఎవరికీ నష్టం ఉండేది కాదు. కానీ జబ్బు కనుక్కున్న వైద్యుడు మందు రాయకుండా ఉండలేడు కదా. వారసులు లేకపోవడమే మరుపుకి మూలమైతే, లేనివారికి వారసుల్ని సర్కారే సమకూర్చాలని తీర్మానం జరిగింది. వెంటనే వివిధ శాఖల నుంచి గుమాస్తాలను డెప్యుటేషను మీద మనవలుగా నియమిస్తూ ఉత్తర్వు వెలువడింది.

మనవలకు మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. మొదటి రోజు, మైకు పట్టుకుని 'నాలో ప్రవహించేది ఆయన రక్తం' అనడం. రెండో రోజు, మూడో వాక్యం దగ్గర గొంతు పూడుకుపోవడం. ఆఖరి రోజు తొడ కొట్టడం. ట్రెజరీ నుంచి వచ్చిన ఒకాయన ఉత్సాహం ఆపుకోలేక కొట్టుకుంటే తొడ కమిలిపోయింది. దాన్ని విధి నిర్వహణలో తగిలిన గాయంగా పరిగణించి సెలవు మంజూరు చేశారు.

తర్వాత పంపకాలు. ఏ తార ఏ కులమో విచారించి, ఆ సంఘం వాళ్ళను పిలిచి, ఆ కులపు గుమాస్తానే మనవణ్ణి చేశారు. సంఘాల అధ్యక్షులు వచ్చి, సంతలో వంకాయలు ఏరుకున్నట్టు తమ తారల్ని ఏరుకుపోయారు. చివరికి ఒక్క ఫైలు మిగిలింది. సౌగంధిక, అలనాటి కథానాయిక, చివరి చిరునామా తెనాలి. ఆవిడ కులమేమిటో ఎవరికీ తెలియలేదు. మూడు సంఘాలు వాకబు చేసి, తేలక, పోనీలెమ్మని వదిలేశాయి. దిక్కులేని ఫైలుకి దిక్కులేని గుమాస్తా. ఏకాంబరం సౌగంధికగారి మనవడయ్యాడు.

వర్ధంతి తేదీ ఎప్పుడో కనుక్కురమ్మని అతణ్ణి తెనాలి పంపారు.

తెనాలిలో కాలవకి దగ్గరగా, ఒక మేడ మీద వాటా. ఏకాంబరం మెట్లెక్కేసరికి నలుగురు ఆడవాళ్ళు చాప మీద కూర్చుని పేకాడుతున్నారు. అందులో అందరికన్నా పెద్దావిడ, చెవులకు దుద్దులు, తెల్లటి జుట్టు నున్నగా ముడి వేసుకుని ఉంది.

"సౌగంధికగారి ఇల్లు ఇదేనాండీ? ఆవిడ వర్ధంతి తేదీ కావాలి."

"ఎవరికి?" అంది పెద్దావిడ ముక్కల్లోంచి తలెత్తకుండా.

"ప్రభుత్వానికండీ."

"ఉండు, షో తిప్పనీ." తిప్పింది. మిగతా ముగ్గురూ ఉసూరుమన్నారు. అప్పుడు కళ్ళజోడు సవరించుకుని అతణ్ణి తీరిగ్గా చూసింది. "ఆ సంగతి నేనింకా అనుకోలేదు నాయనా. మీకేమన్నా తొందరగా ఉందా?"

ఏకాంబరం చాప అంచున కూలబడ్డాడు. పక్కావిడ మంచినీళ్ళిచ్చింది. తాగి, జేబులోంచి నియామకపు ఉత్తర్వు తీసి రెండు చేతులా అందించాడు. సౌగంధికగారు చదివి మడిచి, మళ్ళీ విప్పి చదివింది.

"నాకు పెళ్ళే కాలేదు. మనవడొచ్చాడు! బాగానే ఉందిగానీ, మధ్యలో కొడుకేడీ?"

"ఆ పోస్టు శాంక్షన్ కాలేదండీ" అన్నాడు ఏకాంబరం.

ఆవిడ నవ్వు మొదలుపెట్టింది. ఆ నవ్వు ఆగేదాకా అతను తల వంచుకుని కూర్చున్నాడు. మధ్యలో ఎందుకో అతనికీ నవ్వొచ్చింది. ఇరవయ్యేళ్ళ సర్వీసులో డ్యూటీ మీద ఉండి నవ్వడం అదే మొదలు.

పేకాట వాళ్ళు వెళ్ళాక కాఫీ ఇచ్చింది. అతను ఫైలు తీసి పుట్టినరోజు అడిగాడు. పత్రికలకు ఒక తేదీ, నిర్మాతలకు ఒకటి, పాస్‌పోర్టుకి ఒకటి చెప్పానని, అసలుది అమ్మకే తెలియదని చెప్పింది. ఇక కులం దగ్గరికి వచ్చేసరికి అతను నసిగాడు.

"దానికేం నాయనా, రాసుకో. బ్రాహ్మణ వితంతువుని వేశాను. పడవవాడి పెళ్ళాన్ని వేశాను. మహారాణీని వేశాను, మాలపల్లెలో మంత్రసానిని వేశాను. చూసినవాళ్ళు అన్నిటినీ నమ్మారు. ఇప్పుడు నేనెవరో ఒకటి చెప్తే, అదొక్కటీ నమ్మరు."

ఏకాంబరం ఆ గడి ఖాళీగా వదిలేశాడు. "మీకేం కావాలో కూడా అడగమన్నారండీ. విగ్రహమా, కూడలికి పేరా?"

సౌగంధికగారు చాప మీది పేకముక్కలు దొంతర పెట్టింది. "'పడవపెళ్ళి' అని ఒక పిక్చరు చేశాను. అది చూడాలి" అంది.

గోదావరి ఒడ్డున తీశారట. కథలో ఆవిడ మొగుడు ఏట్లో పడి పోతాడు, పడవ ఒక్కటే ఒడ్డుకి కొట్టుకొస్తుంది. భోరుమని ఏడవమన్నాడు డైరెక్టరు. కెమెరా తిరుగుతోంది. ఆవిడకు ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది. ఖాళీ పడవను చూసి నవ్వింది. యూనిట్టంతా కొయ్యబారిపోయింది. డైరెక్టరు బాగుందనీ అనలేదు, మళ్ళీ తీద్దామనీ అనలేదు, పేకప్ చెప్పి వెళ్ళిపోయాడు. సినిమా విడుదలైనప్పుడు ఆవిడ మైసూరులో వేరే షూటింగులో ఉంది. తిరిగొచ్చేసరికి హాల్లో బొమ్మ మార్చేశారు.

"బాగా చేశానా, పాడు చేశానా? అరవయ్యేళ్ళ నుంచీ ఇదే గొడవ నాకు. మంచం మీద వాలితే అదే గుర్తొస్తుంది. డైరెక్టరు పోయాడు, హీరో పోయాడు. చెప్పేవాడు లేడు. నేనే చూసుకోవాలి."

ఏకాంబరం ఫైలు మూశాడు. 'పడవపెళ్ళి' రీళ్ళ డబ్బాలు మరుపాఫీసు గోదాములో ఉన్నాయి. బహుశా లోకంలో మిగిలినవి అవే. మొన్నే చూశాడు, మూత తీస్తే పులిసిన వాసన కొట్టింది. ఇంకో వానాకాలం ఆగితే అది సినిమా కాదు, జిగురు ముద్ద. "చూపిస్తానండీ" అన్నాడు. అంతకు ముందు ఉద్యోగంలో అతను ఎవరికీ ఏదీ మాటివ్వలేదు.

"ఎట్లా కుదురుతుంది?" అన్నారు విశ్వంభరరావుగారు మర్నాడు. "జీవించి ఉన్నారా! ఏకాంబరం, ఆవిడ కులం చెప్పరు, జన్మదినం చెప్పరు, గతించరు. అంటే పథకానికి ఏ విధంగానూ సహకరించడం లేదన్నమాట."

"సినిమా ఒక్కటి చూపిస్తే చాలంటున్నారండీ."

"చిత్రప్రదర్శన వర్ధంతి కార్యక్రమంలో అంతర్భాగము. జీవించి ఉన్నవారికి వర్తించదు. పైగా ఒక్కటి గమనించండి. మనకు గుర్తున్న మహానటుల సినిమాలు ఎవరైనా చూస్తున్నారా? లేదు. అందుకే గుర్తున్నారు. చూస్తే ఇక గుర్తుచేసుకోవలసిన అగత్యమేమున్నది?"

పైవాడి తర్కానికి ఎదురు తర్కం కిందివాడి దగ్గర ఉండదు.

"అన్నట్టు, ఆ గోదాము ఈ నెలాఖరుకి ఖాళీ చేయించాలి" అన్నారు సంచాలకులు. రాష్ట్రంలో కూడళ్ళన్నీ అప్పటికే విగ్రహాలతో నిండిపోయాయి. మరుపాఫీసు పోత పోయించిన తారలు నిలబడటానికి చోటు లేక ఆఫీసు వరండాలో, సైకిలు స్టాండులో, లేడీస్ టాయిలెట్ ముందు చేతులెత్తి దీవిస్తున్నారు. అందరినీ ఒకే అచ్చులో పోశారు కాబట్టి పైన దిద్దిన మీసాలను బట్టి ఆడామగా తెలుసుకోవలసి వచ్చేది. వాళ్ళను గోదాములో పెట్టి, ఆ రేకు డబ్బాలను పాతసామాన్ల వాడికి ఇచ్చేయాలని నిర్ణయం. "వర్ధంతి ఖరారైన వారి రీళ్ళు మాత్రం ఉంచవచ్చును" అన్నారు.

ఏకాంబరం ఆ ఆదివారమే సొంత ఖర్చుతో తెనాలి వెళ్ళాడు. తల దించుకుని అంతా చెప్పాడు. సౌగంధికగారు వక్క కొరుకుతూ విన్నది.

"అయితే చచ్చిపోయానని రాసెయ్యి."

"అమ్మగారూ!"

"ఏమిట్రా బెదురు? ఎన్నిసార్లు చావలేదు నేను? దగ్గుతూ చచ్చాను, నూతిలో దూకి చచ్చాను, హీరోకి అడ్డం పడి గుండు దెబ్బ తిని చచ్చాను. అవన్నీ నిర్మాతల కోసం. ఇదొక్కటీ నాకోసం."

"వర్ధంతి చెయ్యాలంటే మీరు పోయి ఏడాది కావాలండీ. పోయినేడే పోయారని రాయాలి."

"రాయి. మరి మొన్న ఓటేసి వచ్చానే?"

"అది వేరే శాఖండీ."

వర్ధంతి రోజు కూడా ఆవిడే పెట్టింది. శుక్రవారం వద్దు, పేరంటాలుంటాయి. మంగళవారం పేకాట. గురువారం సాయిబాబా గుడి పులిహోర. చివరికి బుధవారం పోవడానికి ఒప్పుకుంది.

ఏకాంబరానికి ఆ వారమంతా అన్నం సయించలేదు. దొంగ వాంగ్మూలం రాస్తే ఉద్యోగం ఊడుతుంది. రాయకపోతే రీళ్ళు పోతాయి. ఆవిడ తిరిగి మంచం మీద వాలి అదే ప్రశ్న వేసుకుంటుంది. అతనికి తన సొంత నానమ్మ ముఖం కూడా సరిగా గుర్తులేదు. చివరికి సంతకం పెట్టేశాడు.

విశ్వంభరరావుగారు కాగితం చదివి లేచి నిలబడ్డారు. "చాలా సంతోషం! అనగా, తీవ్ర విచారం."

"అంటే సార్, మొన్న నేను బతికే ఉన్నారని..."

"ఫైల్లో లేదు. మీరు నోటిమాటగా అన్నారు. నోటిమాట రికార్డు కాదు. వారసుని సంతకం రికార్డు. వారు నిస్సందేహంగా గతించారు."

వర్ధంతి ఆఫీసు హాల్లోనే జరిగింది. మంత్రిగారు వస్తున్నారని తెలిసేసరికి, అంతకు ముందు వద్దని పోయిన మూడు సంఘాలూ మూడు దండలతో దిగాయి. సౌగంధికగారు మావారంటే మావారని గుమ్మంలోనే కలబడ్డాయి. ఒక దండ తెగి, ఒక చొక్కా చిరిగింది. విశ్వంభరరావుగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వివాదం ఏకాంబరం, వివాదం! మనం పైసా ఖర్చు పెట్టలేదు. సహజంగా పుట్టింది. ఇక ఆవిడను ఎవరూ మరువలేరు" అన్నారు.

సౌగంధికగారు ముదురాకుపచ్చ పట్టుచీర కట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది. సంచాలకులు గమనించి ఏకాంబరాన్ని పక్కకు పిలిచారు.

"ఎవరామె?"

"మా నానమ్మండీ."

"సొంత నానమ్మా? ప్రభుత్వ నానమ్మ కార్యక్రమానికి సొంత నానమ్మను తీసుకురావడం నిబంధనలకు విరుద్ధం. రెండో వరసలో కూర్చోబెట్టండి."

రెండో వరసలోకి మారింది. కొత్తల్లో ఇంతకన్నా వెనక కూర్చోబెట్టేవారులే అని గొణుక్కుంది.

మంత్రిగారు ఆవిడ ఒడిలోనే పెరిగానన్నారు. పోయే ముందు రోజు తనకు ఫోను చేసి రాష్ట్రాన్ని జాగ్రత్తగా చూసుకోమందని చెప్పారు. "వీణ్ణి నేనెప్పుడు ఎత్తుకున్నానురా?" అంది సౌగంధికగారు కాస్త పైకే. ఏకాంబరం వేదికెక్కి, నాలో ప్రవహించేది ఆవిడ రక్తం అని, తొడ మీద మెల్లగా తట్టుకున్నాడు. దోమను కొట్టినట్టుందే తప్ప వారసుడు కొట్టినట్టు లేదని తర్వాత రిపోర్టులో రాశారు.

కుటుంబసభ్యులు పూలు వేయవచ్చు అన్నప్పుడు ఆవిడ కూడా అతని చెయ్యి పట్టుకుని వేదిక మీదికి వచ్చింది. పటం ముందు నిలబడి చూసింది. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూసింది.

"ఇది నేను కాదురా."

ఏకాంబరం మైకుకి అడ్డంగా జరిగాడు. "మెల్లగా అనండి."

"ఇది కనకాంగి. మద్రాసులో ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్ళం. నాకన్నా బాగా చేసేది. నాలుగు పిక్చర్లతో ఆగిపోయింది, పాపం. దీన్ని తలుచుకునే దిక్కు కూడా లేకపోయింది." గుప్పెడు పూలు తీసి, తొందరపడకుండా ఒక్కొక్కటే పటం పాదాల దగ్గర పెట్టింది. ఆ రోజు హాల్లో ఎవరైనా ఎవరినైనా నిజంగా తలుచుకున్నారంటే అప్పుడే. ఏకాంబరానికి అది చూసి గొంతు పూడుకుపోయింది. శిక్షణలో ఎంత కష్టపడినా రానిది.

చిత్రప్రదర్శన అని ప్రకటించగానే మంత్రిగారు లేచారు. ఆయన లేచారని సంచాలకులు, సంచాలకులు లేచారని సంఘాలు, బయట బిర్యానీ పొట్లాలు పంచుతున్నారని మిగతావాళ్ళు లేచారు. తలుపులు మూసేసరికి హాల్లో ఇద్దరే మిగిలారు. "వేసెయ్యమంటారా సార్?" అని ప్రొజెక్టరు గదిలోంచి ఆపరేటరు అనుమానంగా అడిగాడు. వెయ్యమన్నాడు ఏకాంబరం.

బొమ్మ గీతలు గీతలుగా వచ్చింది. మాట గరగరలాడింది. అయినా వచ్చింది. గోదావరి, తెరచాపలు, నడుము బిగించి పడవ తోస్తున్న పాతికేళ్ళ సౌగంధిక. ఏకాంబరం తెర చూడడం మానేసి పక్కకు చూశాడు. ఆవిడ ముందు కుర్చీని రెండు చేతులా పట్టుకుని వంగి కూర్చుంది, పరీక్ష ఫలితాలు చూసుకునే పిల్లలాగా.

కుర్చీలు తీసి ఊడవడానికి ఇద్దరు ఆడవాళ్ళు చీపుళ్ళతో వచ్చారు. బొమ్మ ఆడుతోందని చూసి గోడవారగా ఆగారు. కాసేపటికి చీపురు కింద పెట్టారు. ఇంకాసేపటికి ఒకామె మెల్లగా ముందుకొచ్చి, నడవలో, సరిగ్గా సౌగంధికగారి మోకాళ్ళ ముందు నేల మీద కూలబడింది. తెర మీద నుంచి చూపు తిప్పలేదు. బిర్యానీ అయిపోతోందని బయటినుంచి ఎవరో కేకేసినా కదల్లేదు.

తెర మీద గాలివాన వెలిసింది. ఒడ్డు మీదికి ఊరంతా పరిగెత్తుతోంది.

"ఎవరండీ ఈవిడ? కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టు చేస్తంది" అంది ఆమె వెనక్కి తిరిగి. "ఇంకా ఉందాండీ?"

"పోయిందంటున్నారమ్మా."

"అయ్యో! ఎప్పుడు?"

"ఆఫీసువాళ్ళని అడగాలి. కొంచెం పక్కకి జరుగు తల్లీ, నా సీనొస్తోంది."